కొండవాగులోని మడుగు

వేసవియెండలో కొండ ఎక్కి అలసినవారికి చెట్లనీడన తళతళలాడు మడుగు కంటబడినచో, అందు దిగవలెనను కోరిక కలుగుట సహజము. నీరు అద్దమువలె తేటగా ఉండును. అడుగున ఉన్న గులకరాళ్లను కూడ లెక్కపెట్టవచ్చును. ఈదుటకై ప్రకృతియే కట్టిపెట్టిన కొలనువలె అది తోచును. కాని ఆ కొలనును త్రవ్వినది ఏది? ఒడ్డుననున్న బండలను అంత నున్నగా అరగదీసినది ఏది? ఆ పనిచేసిన శక్తి ఇప్పుడు ఎచ్చటికి పోయినది? మొదటి రెండు ప్రశ్నలు భూవిజ్ఞానమునకు సంబంధించినవి. మూడవది నీటిలో దిగువారి ప్రాణములకు సంబంధించినది. ఒక ప్రసిద్ధమైన మడుగును ఉదాహరణగా తీసికొన్నచో ఈ మూడింటికిని సమాధానము దొరకును.

బబిండా బండలు

ఆస్ట్రేలియా ఖండపు ఈశాన్యభాగమున క్వీన్స్‌లాండ్ రాష్ట్రము కలదు. అందలి కెయిర్న్స్ నగరమునకు దక్షిణముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున బబిండా అను చిన్న ఊరు ఉన్నది. ఊరిచుట్టును చెఱకుతోటలు, వానికి పడమట దట్టమైన వర్షారణ్యముతో కప్పబడిన కొండలు. ఆ కొండల మొదట బబిండా వాగు ఏనుగులంతేసి గ్రానైటు బండల నడుమ దూరుచు, ఆగుచు, మరల దూకుచు ప్రవహించుచున్నది. ఈ చోటును ‘బౌల్డర్స్’, అనగా ‘బండలు’ అని పిలుతురు. చుట్టుపట్ల వర్షారణ్యము 1988లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన ప్రాంతములోనిది.

వాగు ఎగువభాగమున విశాలమైన మడుగొకటి కలదు. నీరు మెల్లగా కదలు రోజులలో యాత్రికులు అందు ఈదుదురు. అచ్చటినుండి కాలిబాటన దిగువకు నడచినచో వాగు ఇరుకైన బండల సందులలోనికి చొచ్చుకొనిపోవు చోటు వచ్చును. దానికి ‘డెవిల్స్ పూల్’, అనగా ‘దయ్యపు మడుగు’ అని పేరు. అచ్చట నీటిలో దిగుట నిషిద్ధము. 1959 నుండి ఇంతవరకు ఈ వాగులో పలువురు మునిగి మరణించిరి. వారిలో యువకులే ఎక్కువ.

ఈ ప్రాంతపు ఆదివాసులైన యిదింజి ప్రజలలో ఒక కథ కలదు. ఊలానా అను యువతి ప్రియునినుండి విడదీయబడి, దుఃఖముతో ఈ నీటిలో దుమికినదట. ఆమె ఆక్రందనతో భూమి కదలి, బండలు చెల్లాచెదరై, నీరు పొంగినదట. నేటికిని ఆమె ఆ నీటిలోనుండి పిలుచుచున్నదని చెప్పుకొందురు. కథను కథగానే గ్రహించినను, అందొక హెచ్చరిక ఉన్నది. నీటి పొంగును, బండల చెదురుటను, మనుష్యుల మరణమును ఆ ప్రజలు ఒకే సంఘటనలో చేర్చి చెప్పిరి. ఈ మూడింటికిని ఉన్న సంబంధమునే విజ్ఞానశాస్త్రము వేరొక భాషలో వివరించుచున్నది.

అంత వాన ఎందుకు?

బబిండాకు ఎదుటనే సముద్రము, వెనుకనే ఎత్తైన కొండలు. బెల్లెండెన్ కెర్ కొండలును, వానికి దక్షిణమున క్వీన్స్‌లాండ్‌లో అన్నింటికంటె ఎత్తైన బార్టిల్ ఫ్రియర్ శిఖరమును తీరమునకు చేరువగా గోడవలె నిలిచియున్నవి. బార్టిల్ ఫ్రియర్ ఎత్తు 1,600 మీటర్లకు మించినది. ఆగ్నేయదిశనుండి వీచు వ్యాపారపవనములు సముద్రముపై తేమను నింపుకొని వచ్చి ఈ గోడను తాకును. ముందుకు పోవుటకు దారిలేక పైకి లేచును. పైకి లేచిన గాలి వ్యాకోచించి చల్లబడును. చల్లబడిన గాలి అంత తేమను మోయజాలదు. కనుక అది వానగా కురియును. పడమటి కనుమలపై నైరృతి ఋతుపవనములు కురియుటకు కారణమును ఇదియే.

బబిండాలో ఏటికి సగటున 4,000 మిల్లీమీటర్లకు పైగా వర్షము కురియును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపు సగటు 1,000 మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. అనగా బబిండాలో ఒక్క యేట కురియు వాన మన రాష్ట్రపు నాలుగేండ్ల వానకు సమానము. బెల్లెండెన్ కెర్ శిఖరముమీది వర్షమాపకేంద్రములో 1979 జనవరి ఒక్క నెలలోనే 5,387 మిల్లీమీటర్ల వాన నమోదైనది. 2000 సంవత్సరములో మొత్తము 12,461 మిల్లీమీటర్లు కురిసినది. ఆ నీరు ఎక్కడనున్న దక్కడనే నిలిచియుండెనని ఊహించినచో దాని లోతు నాలుగంతస్తుల మేడయంత ఉండును.

బండలు గుండ్రముగా ఎట్లు మారినవి?

ఈ కొండల గ్రానైటు 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే భూగర్భములో కరిగిన శిలాద్రవము మెల్లగా చల్లారుటవలన ఏర్పడినది. చల్లారునపుడును, పైనున్న పొరల బరువు తొలగినపుడును శిలలో నిలువుగను అడ్డముగను పగుళ్లు పుట్టును. అప్పుడు శిల అంతయు ఇటుకలు పేర్చినట్లు దిమ్మలు దిమ్మలుగా విడిపోవును. వాననీరు ఆ పగుళ్లలోనికి ఇంకి, శిలలోని ఫెల్‌స్పార్ అను ఖనిజమును మెత్తని బంకమన్నుగా మార్చును. ఈ మార్పు దిమ్మ ముఖములపై ఒక ప్రక్కనుండియు, అంచులపై రెండు ప్రక్కలనుండియు, మూలలపై మూడు ప్రక్కలనుండియు జరుగును. కనుక మూలలు అన్నింటికంటె ముందుగా అరిగిపోవును. చతురస్రముగా ఉన్న దిమ్మ నేలలోపలనే క్రమముగా గుండ్రనిదగును. పైమన్ను కొట్టుకొనిపోయిన పిదప ఆ గుండ్లు వాగునడుమ బయటపడును. చాకలిసబ్బు బిళ్లను కొన్నాళ్లు వాడి చూచినచో ఈ సంగతి తెలియును. మొదట అరుగునవి దాని మూలలే.

మడుగును త్రవ్వినది ఏది?

వాగు తననీటితో మాత్రమే రాతిని కోయజాలదు. నీరు చేయి వంటిది; అది పట్టుకొన్న ఇసుకయు గులకరాళ్లును పనిముట్ల వంటివి. గ్రానైటులోని క్వార్ట్జు కణములు ఉక్కు చాకుకంటె గట్టివి. వరదనీరు ఇట్టి ఇసుకను మోసికొని బండమీది చిన్న పల్లములో సుడి తిరిగినపుడు, అందు పడిన గులకరాళ్లు తిరుగలిరాయివలె తిరుగుచు పల్లమును లోతుగా తొలుచును. తొలుచుచు తామును అరుగును. అరిగినవి కొట్టుకొనిపోగా క్రొత్తవి వచ్చి చేరును. ఇట్లు ఏర్పడిన కుండవంటి గుంటలను ఏ కొండవాగులోనైనను చూడవచ్చును.

జలపాతపు పాదమున జరుగు పనియు ఇట్టిదే. పైనుండి పడు నీరు అడుగున రాళ్లను ఎగురవేసి కొట్టుచు, కాలక్రమమున లోతైన గుండమును త్రవ్వును. గుండము, మడుగు, సుడిగుండము అను మాటలు తెలుగులో ప్రాచీనకాలమునుండి వాడుకలో ఉన్నవి. పల్లెవారు ఈ మూడింటిని వేరువేరుగా గుర్తింపగలరు.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. వేసవిలో మెల్లగా పారు నీరు బండను త్రవ్వజాలదు; రాళ్లను కదలించు శక్తి దానికి లేదు. ఈ పని అంతయు వరదరోజులలో జరిగినదే. ప్రవాహవేగము రెండింతలైనచో అది కదలింపగల రాతిబరువు సిద్ధాంతరీత్యా 64 రెట్లు పెరుగునని లెక్క. కావున ఏడాదిలో కొలదిగంటలపాటు వచ్చు పెద్దవరద, మిగిలిన దినములన్నియు కలిసి చేయజాలని పనిని చేయును. యాత్రికుడు చూచునది పని ఆగియున్న వేళను మాత్రమే.

తేటనీరు చేయు మోసము

నీరింత తేటగా ఉండుటకు కారణము అడవి. చెట్లవేళ్లును, రాలిన ఆకుల పొరయు మన్నును పట్టియుంచును. వానచినుకు నేరుగా నేలను తాకక ఆకులపై పడి, మెల్లగా ఇంకి, ఊటలుగా వాగును చేరును. అందుచేత మామూలు రోజులలో నీటియందు మన్ను దాదాపు ఉండదు. అడవి నరికిన కొండల వాగులు చిన్నవానకే ఎఱ్ఱబారుటకు కారణము దీనినిబట్టి తెలియుచున్నది.

ఈ తేటనీటిలో ‘జంగిల్ పెర్చ్’ అను చేప నివసించును. వాగుమీదికి వంగిన కొమ్మలనుండి పడు పురుగులు, పండ్లు దీని ఆహారములోనివి. పెరుగుట మంచినీటిలోనైనను, సంతానోత్పత్తికై ఇది సముద్రపు ఉప్పునీటికి దిగవలెను. కనుక కొండనుండి సముద్రమువరకు వాగుదారి తెరచియున్ననే ఈ జాతి నిలుచును. అడవి, వాగు, సముద్రము అను మూడింటిని ఒక చేప జీవితము కలుపుచున్నది.

అయినను తేటనీరు కంటిని మోసగించును. కాంతి నీటిలోనుండి గాలిలోనికి వచ్చునపుడు వంగును. దీనిని వక్రీభవనము అందురు. అందువలన పైనుండి తిన్నగా చూచినపుడు లోతు అసలులో నాలుగింట మూడు వంతులుగా మాత్రమే కన్పించును. 1.2 మీటర్లుగా కన్పించు చోట నిజమైన లోతు 1.6 మీటర్లు. ఒకటిన్నర మీటరు పొడవుగల బాలుడు భుజములవరకు వచ్చునని తలచి దిగినచో తలమునుకలగును. ఒడ్డుననుండి ఏటవాలుగా చూచినచో లోతు మరింత తక్కువగా తోచును. గిన్నె అడుగున నాణెమునుంచి, అది అంచుచాటున మరుగగునంత దూరము జరిగి, నీరు పోయించినచో నాణెము పైకి లేచినట్లు కన్పించును. తరగతిలో రెండు నిమిషములలో చేయదగిన ప్రయోగమిది.

ప్రవాహబలము: ఒక లెక్క

తొడలలోతు నీటిలో నిలుచున్న మనిషి కాళ్లపై ప్రవాహము కలిగించు త్రోపు ఎంత? నీటికి ఎదురుగానున్న కాళ్ల వైశాల్యము సుమారు 0.15 చదరపు మీటరు అనుకొన్నచో, స్థూలముగా ఈ క్రింది ఫలితములు వచ్చును. వేగము సెకనుకు 1 మీటరైనచో త్రోపు ఏడున్నర కిలోగ్రాముల బరువుకు సమానము. 2 మీటర్లైనచో 30 కిలోగ్రాములు. 3 మీటర్లైనచో 70 కిలోగ్రాములకు దగ్గర. వేగము రెండింతలైనపుడు త్రోపు నాలుగింతలు, మూడింతలైనపుడు తొమ్మిదింతలు అగుట ఇందు గమనింపదగినది. నాచుపట్టిన బండమీద 30 కిలోగ్రాముల త్రోపునకు నిలద్రొక్కుకొనుట బలశాలికిని కష్టము. పైగా నీరు శరీరమును కొంత తేల్చుటచే పాదముల పట్టు తగ్గును.

బండలనడుమ ప్రమాదము మరియొక విధమైనది. నీరు పెద్దబండ అడుగునున్న సందులోనుండి దూరి ఆవలికి పోవుచున్నదనుకొనుడు. ఈవలి నీటిమట్టము ఆవలిదానికంటె అరమీటరు ఎక్కువగా ఉన్నది. ఈతగాడు ఆ సందునకు అడ్డుపడినచో, 0.2 చదరపు మీటరు వైశాల్యముపై కలుగు ఒత్తిడి సుమారు 100 కిలోగ్రాముల బరువుకు సమానము. జల్లెడలో పిండి దిగిపోయి నూక నిలిచినట్లు, నీరు పోవును, మనిషి నిలిచిపోవును. ఎంతటి ఈతగాడైనను తన చేతులబలముతో దానినుండి వెలువడలేడు. బండలసందుల వాగులలో దిగరాదనుటకు ఇదియే కారణము. నీటి ఉపరితలము అచ్చట ప్రశాంతముగనే కన్పింపవచ్చును.

జలపాతము క్రింది తెల్లని నురుగునుగూర్చియు తెలిసికొనవలెను. మనిషి దేహసాంద్రత నీటి సాంద్రతకు దాదాపు సమానము, అందుచేతనే తేలగలుగుచున్నాడు. నురుగునీటిలో మూడవవంతు గాలియే ఉన్నచో దాని సాంద్రత మూడవవంతు తగ్గిపోవును. అందు దేహము తేలదు. ఈదుటకు చేతులు తోసినను తోయుటకు నిండైన నీరుండదు.

ఎండలో ఉన్నను వాగు పొంగును

వాగు పొంగవలెనన్న వాన మడుగుపైననే కురియనక్కరలేదు. పై కొండలలో 10 చదరపు కిలోమీటర్ల ప్రాంతమున 5 సెంటీమీటర్ల వాన కురిసినదనుకొనుడు. దాని పరిమాణము 5 లక్షల ఘనమీటర్లు, అనగా 50 కోట్ల లీటర్లు. అందు సగము ఒక గంటలో వాగులోనికి దిగినచో, సెకనుకు సుమారు 70 ఘనమీటర్ల నీరు పారును. ఇరుకైన బండలదారిలో ఆ నీటికి చోటు లేదు. కనుక అది పైకి లేచును. క్రింద మడుగులో ఈదువారి తలపై అప్పుడు నిర్మలమైన ఆకాశమే ఉండవచ్చును.

బబిండాకు చేరువలో, బార్టిల్ ఫ్రియర్ పాదమున జోసఫీన్ జలపాతము కలదు. అచ్చట ఎగువన నీటిమట్టము హఠాత్తుగా పెరిగినచో దిగువనున్నవారిని హెచ్చరించు యంత్రపరికరములను అమర్చిరి. హెచ్చరిక రాగానే నీటినుండి వెలికి రావలెనని నియమము. కాని లోకములోని కొండవాగులలో అట్టి ఏర్పాట్లున్నవి చాల కొలది. మిగిలినచోట్ల ఆ హెచ్చరికను వాగునుండియే గ్రహింపవలెను.

మన కొండలలో

తిరుపతి ప్రాంతపు శేషాచల పర్వతములలో తలకోన జలపాతము కలదు. తెలంగాణమున ఆదిలాబాదు అడవులలో కుంతాల జలపాతము ప్రసిద్ధి చెందినది. మారేడుమిల్లి కొండలనిండ వాగులే. శిల వేరు కావచ్చును, వాన తక్కువ కావచ్చును. సూత్రములు మాత్రము బబిండాకును వీనికిని ఒక్కటే. నిజమునకు మన వాగులలో మరియొక చిక్కు కలదు. బబిండాలో ఏడాది పొడవునను వాన ఉండుటచే వాగు ఎన్నడును ఎండదు. మన కొండలలో వాన కొలది మాసములలోనే కురియుటచే, వేసవిలో సన్నని ధారగా కన్పించు వాగు వానకాలమున పూర్తిగా వేరైన రూపము దాల్చును. వేసవిలో చూచిన పరిచయముతో వానకాలమున దిగుట ప్రమాదకరము. విహారయాత్రలు ఎక్కువగా జలపాతములు నిండుగానున్న మాసములలోనే జరుగుచుండుట ఉపాధ్యాయులు ఆలోచింపదగిన సంగతి.

వాగును చదువుట

విద్యార్థులను వెంటబెట్టుకొని వెళ్లిన ఉపాధ్యాయుడు నీటిదగ్గరకు చేరకముందే ఒక పావుగంట ఒడ్డును పరిశీలింపజేయవచ్చును. వారు చూడవలసిన గుర్తులు ఇవి:

మొదటిది, వరదగీత. ఎంతయెత్తువరకు బండలపై చెట్లు, తీగలు లేవో, కొమ్మలలో ఎండుటాకులును పుల్లలును ఎచ్చట చిక్కుకొనియున్నవో చూచినచో వరద వచ్చు ఎత్తు తెలియును. ఆ గీత తలకంటె ఎత్తుననున్నచో తాము నిలిచినది వాగు గర్భముననే అని గ్రహింపవలెను.

రెండవది, నీరు పోవు దారి. మడుగులోనికి వచ్చు నీటిని చూచినంత మాత్రమున చాలదు. అది ఎచ్చటినుండి వెడలుచున్నదో చూడవలెను. ఎండుటాకు నొకదానిని నీటిలో వదలి దానివెంట చూపు సాగించినచో తెలియును. ఆకు వెడల్పైన ఇసుకదిబ్బమీదుగా తేలిపోవునా, బండ అడుగున మాయమగునా? మాయమైనచో అచ్చట ఎవరును దిగరాదు.

మూడవది, ఆనవాలురాయి. నీటియంచున ఒక రాయిని గుర్తించి, దానిపై కన్నువేసియుండుటకు ఒక విద్యార్థిని నియమింపవలెను. ఆ రాయి మునిగినను, నీరు మసకబారినను, ఆకులు పుల్లలు కొట్టుకొనివచ్చినను, పైనుండి వచ్చు హోరు మారినను, కారణము విచారింపక అందరును వెంటనే ఒడ్డుపైకి, ఎత్తైన నేలకు ఎక్కవలెను. వస్తువులకై వెనుకకు పోరాదు. వాగువెంట దిగువకు పరుగెత్తరాదు.

నాలుగవది, లోతు. తేటనీటి లోతును కంటితో నిర్ణయింపరాదు. కఱ్ఱతో కొలువవలెను. బండపైనుండి తలక్రిందుగా దుముకుట ఎన్నడును పనికిరాదు. గత వరద తెచ్చిపడవేసిన బండ ఈ యేడు అడుగున క్రొత్తగా ఉండవచ్చును.

ఎవరైనను కొట్టుకొనిపోవుచున్నచో వెంటనే నీటిలో దుముకుట తగదు. అట్లు దుమికినవారును మునిగిన సందర్భములు కలవు. త్రాడు, పొడుగాటి కఱ్ఱ, ముడివేసిన పంచె, మూతబిగించిన ఖాళీ డబ్బా, ఇట్టివి ఒడ్డుననుండియే అందింపవలెను. కొట్టుకొనిపోవువాడు వెల్లకిల తిరిగి, పాదములు దిగువవైపునకు చాచి, నీటిపైకి కన్పించునట్లుంచవలెను. అట్లైనచో బండ ముందుగా కాళ్లకు తగులును గాని తలకు తగులదు.

ఈ మడుగులను చూడబోవుటయే తప్పని ఎవరును చెప్పలేరు. శిల అరుగుట, కాంతి వంగుట, నీటి ఒత్తిడి, వానల పుట్టుక, అడవికిని చేపకును గల సంబంధము, ఇవన్నియు ఒక్కచోట కండ్లకు కనబడు పాఠశాల మరియొకటి దొరకదు. ఒడ్డున కూర్చుండి చూచిననే ఈ పాఠములో అధికభాగము నేర్చుకొనవచ్చును. రాతిని త్రవ్విన శక్తి ఎచ్చటికిని పోలేదు. అది పైకొండలలో మేఘమునకై వేచియున్నది. వరదగీత ఎచ్చటనున్నదో, నీరు ఎచ్చట వెడలుచున్నదో వ్రేలితో చూపగలిగిన విద్యార్థి మాత్రమే ఆ నీటిలో కాలు పెట్టుటకు సిద్ధమైనవాడు.